పాత హోటళ్ల నలుపు తెలుపు ఫొటోలు: ఏ కాగితం, ఏ అద్దం, ఏ ఫ్రేము?

పాత హోటళ్ల ఫొటోలను పటం కట్టించాలనుకునేవారు దుకాణంలో అడుగుపెట్టగానే మొదట చూసేది ఫ్రేముల నమూనాలనే. గోడకు వరసగా తగిలించిన ముక్కల్లో కంటికి నచ్చినదాన్ని చూపించి, అడుగుకింత అని బేరం కుదుర్చుకొని, అద్దం, అట్ట, వెనుక చెక్క వంటి మిగతా విషయాలను దుకాణదారు ఇష్టానికే వదిలేస్తారు. నా దృష్టిలో ఈ క్రమం తలకిందులైనది. ఈ రకం ఫొటోలకు ఫ్రేము అన్నిటికన్నా చివర తేల్చుకోవలసిన అంశం. పెట్టదలచిన ఖర్చులో పెద్ద వాటా మొదట ప్రింటుకు, ఆ తరువాత అద్దానికి, ఫొటో చుట్టూ పెట్టే అట్టకు, అంటే మౌంటుకు దక్కాలి.

ఎందుకో తెలియాలంటే ఆ ఫొటోల్లో ఏముంటుందో కాస్త దగ్గరగా చూడాలి. హైదరాబాదులోనో సికింద్రాబాదులోనో ఒక ఇరానీ హోటల్ లోపలి దృశ్యాన్ని తీసుకుందాం. ఈ హోటళ్లు చాలావరకు కూడలి మూలల్లో ఉంటాయి గనుక వెలుగు రెండు వీధుల నుంచీ తలుపుల గుండా లోపలికి వస్తుంది. గుమ్మం దగ్గరి పాలరాతి బల్ల తెల్లగా మెరిసిపోతుంటే, లోపలికి పోయేకొద్దీ చీకటి చిక్కబడుతుంది. 1859లో థోనెట్ సంస్థ తెచ్చిన 14వ నంబరు కుర్చీ ఒరవడిలో వెన్ను వంచిన కర్ర కుర్చీలు, గల్లాపెట్టె పక్కన ఉస్మానియా బిస్కెట్ల గాజు జాడీలు, గోడనున్న నిలువుటద్దం, ఆ అద్దంలో కనిపించే ఎదుటి వీధి, దానిపైన ధరల పట్టిక, ఇవన్నీ ఆ చీకట్లోనే ఉంటాయి. సాసరులో చాయ్ పోసుకొని తాగుతున్న మనిషి ముఖం కూడా సగం నీడలోనే ఉంటుంది. ఫొటో విలువంతా ఈ చిన్న చిన్న వివరాల్లో ఉంది.

కాబట్టి కాగితం మొదలుకొని మేకు దాకా దేనిని ఎంచుకునేటప్పుడైనా రెండు ప్రశ్నలు వేసుకుంటే చాలు. నీడలోని వస్తువులు ఒకదానినుంచి ఒకటి విడివిడిగా కనిపిస్తాయా? దగ్గరికి వెళ్లి చూసినవారికి ధరల పట్టిక మీది అక్షరం చదవడానికి వీలవుతుందా? ఈ రెండింటికీ అడ్డువచ్చేది ఎంత అందంగా ఉన్నా వదులుకోవడమే మంచిది. ఆబిడ్స్‌లో 1935 నాటి గ్రాండ్ హోటల్, సికింద్రాబాదులో 1953లో మొదలైన ప్యారడైజ్, విజయవాడలో బాబాయి హోటల్, ముంబయిలో 1904 నాటి కయానీ, 1923 నాటి బ్రిటానియా, బెంగళూరులో 1924 నాటి ఎంటీఆర్ వంటి చోట్ల తీసిన పాత చిత్రం మీ దగ్గర ఉన్నా, మీరే కెమెరాతో తీసుకున్న కొత్త నలుపు తెలుపు చిత్రమైనా ఈ కొలబద్దలో తేడా లేదు.

అసలు ప్రింటును వేలాడదీయవచ్చా

పాత హోటల్ యజమానుల కుటుంబాల్లోనూ, స్టూడియోల అట్టపెట్టెల్లోనూ దొరికే ఇరవయ్యవ శతాబ్దపు ప్రింట్లు చాలావరకు జెలటిన్ పొరలో వెండి రేణువులతో ఏర్పడిన బొమ్మలు. అంచుల దగ్గర నల్లని భాగాల మీద అద్దంలాంటి నీలపు మెరుపు కనిపిస్తే, గాలిలోని తేమకూ వాయువులకూ ఆ వెండి మార్పు చెంది పైకి తేలిందని అర్థం. చిత్రం మొత్తంగా గాని, మచ్చలు మచ్చలుగా గాని పసుపు తిరిగితే, ప్రింటు చేసిన రోజున బొమ్మను నిలపడానికి వాడే హైపో రసాయనాన్ని సరిగా కడగలేదని అనుమానించాలి. ఈ లక్షణాలున్న ప్రింటును గోడకు ఎక్కించడం దాని ఆయుష్షును తగ్గించడమే. అసలును భద్రపరచి, నకలును పటం కట్టించడమే అన్ని విధాలా మేలు.

అయినా అసలునే పెట్టాలని కుటుంబం కోరుకుంటే, జిగురు గాని టేపు గాని ప్రింటుకు తగలకుండా నాలుగు మూలలా కాగితపు మూలలతో నిలపాలి. ఎండపొడ తగలని గోడను చూసుకోవాలి. ఇలాంటి చిత్రాలకు మ్యూజియంలు సాధారణంగా 50 నుంచి 100 లక్సుల వెలుగును మించనివ్వవు, అంటే చదువుకునే బల్ల మీది దీపం వెలుగు కన్నా చాలా తక్కువ. దుకాణాల్లో వాడే మైదా జిగురు ముద్దగా అంటించినప్పుడు గట్టిగానే పట్టుకుంటుంది గాని, తేమకు బూజునూ, పుస్తకాల్లో తిరిగే వెండిరంగు పురుగులనూ పిలుస్తుంది.

నకలు తీయడానికి నెగటివ్ ఉంటే అంతకన్నా అదృష్టం లేదు. 35 మి.మీ. నెగటివ్‌ను 3200 డీపీఐలో (అంగుళానికి అన్ని చుక్కల చొప్పున) స్కాన్ చేస్తే సుమారు 4500×3000 పిక్సెళ్లు వస్తాయి, దానితో 15×10 అంగుళాల ప్రింటు వరకు నాణ్యత చెడదు. నెగటివ్ లేక 6×4 అంగుళాల ప్రింటే ఉన్నట్లయితే 600 డీపీఐలో స్కాన్ చేసుకుంటే 12×8 అంగుళాల దాకా వెళ్లవచ్చు. అంతకు మించి పెంచితే కొత్త వివరాలేమీ రావు, ఉన్న మసకే పెద్దదవుతుంది. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఫొటోను తనంతట తానే పదును పెట్టి ఇచ్చే ఇప్పటి సాఫ్టువేర్లు లేని అక్షరాలను కల్పిస్తాయి. ధరల పట్టిక మీద ఉర్దూలోనో తెలుగులోనో ఉన్న మసక వరుసను అవి ఏ భాషకూ చెందని గీతలుగా మార్చేస్తాయి, ముఖాలను కూడా నున్నగా దిద్ది మరొకరిని చేస్తాయి. గీతలు, మరకలు చేత్తో తుడిచి సరిచేసుకోవడం వేరు, ఇది వేరు. రంగులు అద్దించడం గురించి చెప్పనే అక్కరలేదు.

ప్రింటు: నాలుగు దారులు

మొదటిది డార్క్‌రూములో నెగటివ్ నుంచి నేరుగా ఫైబర్ కాగితం మీద తీసే ప్రింటు. బేరియం సల్ఫేటు పూత మీద జెలటిన్ పొర ఉండే ఈ కాగితం ఇచ్చే లోతైన నలుపును నేటికీ పెద్దగా ఏదీ మించలేదు. కొడాక్ 2005లో నలుపు తెలుపు కాగితాల తయారీని ఆపివేసినా, ఇంగ్లండుకు చెందిన ఇల్ఫర్డ్ ఇప్పటికీ తయారుచేస్తూనే ఉంది. అయితే ఈ పని చేసిపెట్టే ల్యాబులు మన దగ్గర వేళ్ల మీద లెక్కపెట్టేంత తక్కువ, ఖర్చూ ఎక్కువ. నెగటివ్ ఉండి, చిత్రం నిజంగా అరుదైనదైతే, సెట్టులో ఒకే ఒక్క ముఖ్యచిత్రానికి ఈ దారి పట్టవచ్చు.

రెండవది ప్రతి ఊళ్లోనూ ఉండే కలర్ ల్యాబులో ప్రింటు. చవక, ఆ రోజే చేతికి వస్తుంది. కాని రంగుల కాగితం మీద మూడు రంగులను కలిపి నలుపును పుట్టించడం వల్ల, బూడిదరంగు భాగాల్లో పచ్చదనమో గులాబి ఛాయో తొంగిచూస్తుంది. ఒక్క ఫొటోలో అది తెలియకపోవచ్చు. ఆరు ఫొటోలు పక్కపక్కన పెట్టినప్పుడు, అందులోనూ వేర్వేరు రోజుల్లో వేయించినవైతే, ఒకటి పచ్చగా, ఒకటి ఎర్రగా ఉన్న సంగతి ఇట్టే పట్టుబడుతుంది. ఈ దారినే వెళ్లేవారు సెట్టు మొత్తాన్ని ఒకేసారి, ఒకే యంత్రం మీద వేయించుకోవాలి.

మూడవది రంగుపొడి రేణువులుండే పిగ్మెంట్ ఇంకుతో నూలు కాగితం మీద గాని, బేరియం పూత ఉన్న బరైటా కాగితం మీద గాని వేసే ప్రింటు. హైదరాబాదు, చెన్నై, బెంగళూరు వంటి నగరాల్లో చిత్రకారుల కోసం పనిచేసే ప్రింటర్లు దీనిని చేసిపెడతారు. హానెమ్యూల్ వంటి కంపెనీల నూలు కాగితాలు చదరపు మీటరుకు 308 గ్రాముల మందంలో, ఏ మెరుపూ లేకుండా, చేతికి ఎంతో హుందాగా ఉంటాయి. సాధారణంగా దుకాణదారు వీటినే ముందుగా సిఫారసు చేస్తాడు. హోటల్ బయటి ముఖద్వారం, మధ్యాహ్నపు ఎండ, గోడ మీద రాసిన పేరు వంటి వెలుతురు చిత్రాలకు ఆ సిఫారసును నిశ్చింతగా ఒప్పుకోవచ్చు. ఇరానీ హోటల్ లోపలి చీకటి చిత్రాలకు మాత్రం ఒప్పుకోకూడదు. మెరుపులేని కాగితం మీద నలుపు లోతు తగ్గి, అద్దం వెనక్కి వెళ్లాక మరింత వెలిసిపోయినట్లు కనిపిస్తుంది, నీడలో ఉన్న కుర్చీలన్నీ ఒకే మరకగా కలిసిపోతాయి. అక్కడ లేత మెరుపున్న బరైటా కాగితమే సరైనది. ఒకే సెట్టులో రెండు రకాల కాగితాలు ఎందుకని సందేహించనక్కరలేదు, అద్దం వెనుక చూసేవారికి ఆ తేడా తెలియదు.

నాలుగవది కరిగిన రంగుతో చేసే డై ఇంకుతో వెంటనే తీసిచ్చే చిన్న ప్రింటర్ల పని. దాని రంగు వెలుగుకు త్వరగా వెలిసిపోతుంది గనుక గోడకు పనికిరాదు.

గోధుమవన్నె విషయంలో కూడా ఒక మాట. రాజా దీన్ దయాళ్ వంటివారు ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా కాలంలో తీసిన చిత్రాలు కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీద ప్రింటు చేసినవి గనుక వాటికి సహజంగానే గోధుమవన్నె ఉంటుంది. అలాంటి మూలచిత్రపు నకలులో ఆ రంగును అలాగే ఉంచాలి. 1950, 60ల నాటి హోటల్ ఫొటో మాత్రం మొదటి నుంచీ నలుపు తెలుపుదే. పాతదనం తెప్పించడానికి దానికి గోధుమరంగు పులమడం వల్ల ఫొటో పాతదిగా కనిపించదు, పెళ్లి ఆల్బంలా కనిపిస్తుంది.

ఎంత పెద్దది వేయించాలి

అమెరికాకు చెందిన బెరెనిస్ అబాట్ 1935లో న్యూయార్కులోని బవరీ వీధిలో బ్లాసమ్ రెస్టారెంటును ఫొటో తీశారు. కిటికీ అద్దాలనిండా వంటకాల పేర్లు, ధరలు రాసి ఉంటాయి, పక్కనే ఒక క్షౌరశాల. ఆ చిత్రాన్ని పోస్టుకార్డు సైజులో చూస్తే అదొక చిందరవందర గోడ. పెద్దదిగా చూస్తే ఆర్థిక మాంద్యపు రోజుల్లో ఎన్ని సెంట్లకు ఏ భోజనం దొరికేదో చెప్పే పత్రం. అక్షరాలే ప్రాణమైన ఫొటోను 18×12 అంగుళాల కన్నా తగ్గించవద్దని నేను చెప్పేది ఇందుకే. అంత పెద్దదానికి స్కాను సరిపోకపోతే, ఉన్నంతలో పెద్దది వేయించి, మనిషి దగ్గరికి వెళ్లి నిలబడగలిగే చోట తగిలించాలి, సోఫా వెనుక కాదు.

దీనికి భిన్నంగా, బల్ల మీద రెండు చాయ్ కప్పులు, ఒక బిస్కెట్ పళ్లెం ఉన్న దగ్గరి చిత్రం చిన్నదిగానే బాగుంటుంది. 120 ఫిల్ముతో తీసిన చదరపు చిత్రాలైతే మరీను. వాటిని 8×8 అంగుళాల్లో వేయించి చుట్టూ వెడల్పాటి మౌంటు పెడితే చూపు నేరుగా కప్పు మీదికే పోతుంది. చదరపు చిత్రాన్ని బజారులో దొరికే రెడీమేడ్ ఫ్రేములో ఇమడ్చడానికి పైన గాని కింద గాని కోయించడం మాత్రం చేయకూడదు. అలా కోసినప్పుడు ముందుగా పోయేది పైనున్న పంకా, ధరల పట్టికే.

మౌంటు

ఫొటో చుట్టూ కిటికీలా కోసి పెట్టే మందపాటి అట్టనే దుకాణాల్లో మౌంటు అంటారు. అందం సంగతి అటుంచితే, దాని అసలు పని ఫొటోను అద్దానికి తగలనీయకపోవడం. తేమ పట్టినప్పుడు జెలటిన్ పొర అద్దానికి అంటుకుపోతుంది, ఆపైన ఊడదీయబోతే బొమ్మ అద్దంతోపాటే వచ్చేస్తుంది. విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రతీరపు ఊళ్లలో ఉండేవారు మౌంటు లేకుండా అద్దం బిగించనివ్వకూడదు. మౌంటు వద్దనుకుంటే అద్దానికీ ఫొటోకూ మధ్య అంచుల్లో కనబడకుండా సన్నని పట్టీలు పెట్టించుకోవాలి.

వెడల్పు విషయంలో మన దుకాణాలు పిసినారితనం చూపిస్తాయి. ఒక అంగుళం మౌంటు పెడితే అది ఫ్రేములోనే మరో గీతలా కనిపిస్తుంది. 18×12 ప్రింటును 24×18 ఫ్రేములో పెడితే నాలుగు వైపులా మూడేసి అంగుళాలు వస్తాయి, అది సరిపోతుంది. 10×8 ప్రింటును 20×16 ఫ్రేములో పెడితే నాలుగైదు అంగుళాల తెల్లని ఖాళీ ఏర్పడుతుంది. మొదట అది వృథా అనిపించినా, చీకటి చిత్రానికి ఆ ఖాళీయే ఊపిరి. కింది వైపు అర అంగుళం ఎక్కువ ఉంచితే బొమ్మ కిందికి జారినట్లు కనిపించదు.

రంగుల్లో పాలమీగడ తెలుపు దాదాపు అన్ని చిత్రాలకూ నప్పుతుంది. ట్యూబులైటు కింద నీలంగా వెలిగే తెల్లటి తెలుపును ఫొటో చుట్టూ ఉంచితే ఫొటోలోని తెలుపు మాసినట్లుంటుంది. నల్ల మౌంటు చూడగానే దర్జాగా కనిపిస్తుంది గాని, చీకటి గదిని చూపే చిత్రానికి అది పూర్తిగా విరుద్ధం: చిత్రం ఎక్కడ ముగిసిందో, అట్ట ఎక్కడ మొదలైందో తెలియదు. ఎరుపు, ముదురు ఆకుపచ్చ మౌంట్లను దుకాణదారు ఎంత బతిమాలినా తీసుకోవద్దు. ఆమ్లరహితమైన అట్ట అడగండి. మామూలు అట్టకు కొన్నేళ్లలో కోసిన ఏటవాలు అంచు గోధుమరంగుకు తిరిగి, ఆ మరక ఫొటోకూ పాకుతుంది.

అద్దం గురించి కాస్త వివరంగా

ఖర్చు పెట్టదగినది ఇక్కడే. మామూలు అద్దం రెండు ముఖాలూ కలిపి తనమీద పడిన వెలుగులో దాదాపు 8 శాతాన్ని తిప్పికొడుతుంది. లేత రంగుల దేవుడి పటంలో ఆ 8 శాతం కనబడదు. నల్లని చిత్రం వెనుక ఉన్నప్పుడు మాత్రం అద్దం కాస్తా మన ముఖాన్ని, ఎదుటి కిటికీని, గదిలోని ట్యూబులైటును చూపే దర్పణమైపోతుంది. ఇరానీ హోటల్ నీడల్లో ఉన్న మనుషులను చూడాలని దగ్గరికి వెళ్తే మనమే కనిపిస్తాం.

దీనికి విరుగుడుగా దుకాణాల్లో ఎక్కువగా చూపేది ఉపరితలాన్ని గరుకు చేసిన మ్యాట్ అద్దం. ప్రతిబింబం పోతుందన్నది నిజమే. కాని ఆ అద్దం ఫొటోకు పూర్తిగా ఆనుకొని ఉన్నప్పుడే వెనుకనున్నది స్పష్టంగా కనిపిస్తుంది. మౌంటు మందం మేర దూరం జరిగితే చాలు, అక్షరాలు మసకబారి, నలుపు బూడిదరంగుకు తిరుగుతుంది. మౌంటో, అంచుల పట్టీలో తప్పనిసరి అన్నాం గనుక మ్యాట్ అద్దం ఈ ఫొటోలకు అక్కరకు రాదు. దుకాణంలో దీనిని పరీక్షించడం సులభం: ఏదైనా అచ్చుకాగితం మీద ఆ అద్దపు ముక్కను ఆనించి చూసి, తరువాత రెండు అట్టముక్కల ఎత్తుకు లేపి చూడమనండి.

పలుచని పూతతో ప్రతిబింబాన్ని ఒక శాతం లోపుకు తగ్గించే ప్రత్యేకమైన అద్దాలు ఉన్నాయి, వాటిలో కొన్ని అతినీలలోహిత కిరణాలను 99 శాతం వరకు ఆపుతాయి. అలాంటి అద్దం బిగించిన ఫొటోను చూస్తే అసలు అద్దమే లేదేమో అనిపిస్తుంది. ఖరీదు మామూలు అద్దానికి ఎన్నో రెట్లు. ఆరు ఫొటోలుంటే ఆరింటికీ అది అక్కరలేదు. లోపలి చీకటి చిత్రాలకు, కిటికీకి ఎదురుగా తగిలించేవాటికి మాత్రమే పూత అద్దం తీసుకొని, వెలుతురు చిత్రాలకు మామూలు 2 మి.మీ. అద్దంతో సరిపెట్టుకోవడం తెలివైన పద్ధతి. ఆ స్తోమత లేకపోతే డబ్బు అసలే ఖర్చుకాని ఉపాయం ఒకటుంది: కిటికీ ఉన్న గోడ మీదనే, లేదా కిటికీకి పక్కగా ఉండే గోడ మీద ఫొటోను తగిలించి, ఎదురుగోడను ఖాళీగా వదిలేయడం.

యాక్రిలిక్ రేకు బరువులో అద్దానికి సగం కూడా ఉండదు. 24×18 అంగుళాల 2 మి.మీ. అద్దం ఒక్కటే సుమారు 1.4 కిలోలు తూగుతుంది, అదే కొలత యాక్రిలిక్ ముప్పావు కిలోలోపే. పిల్లలున్న ఇల్లు, జనం రాసుకుంటూ పోయే హోటల్ నడవా, పార్సిల్లో వేరే ఊరికి పంపవలసిన పటం, వీటికి అది మంచిది. కాని దుమ్మును తనవైపు లాక్కుంటుంది, పొడిగుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి. హోటల్లో బల్లలు తుడిచే కుర్రవాడు అదే గుడ్డతో ఫొటోలనూ ఒక చెయ్యి వేస్తాడు గనుక, అక్కడ యాక్రిలిక్ పెట్టేముందు ఆ సంగతి ఆలోచించుకోవాలి.

లామినేషన్, కాన్వాసు

అద్దం గొడవే లేకుండా, చెక్కపొడిని అదిమి చేసే ఎండీఎఫ్ పలక మీద ఫొటోను అంటించి, పైన ప్లాస్టిక్ పొరను వేడితో అదిమే లామినేషన్ మన ఊళ్లలో అన్నిటికన్నా ఎక్కువగా నడిచేది. చవక, తేలిక, పగిలే భయం లేదు, తడిగుడ్డతో తుడవవచ్చు. నూనె పొగ, ఆవిరి ఉండే హోటల్ గోడకు, రెండు మూడేళ్లకొకసారి మార్చుకోవడానికి సిద్ధపడితే, ఇదే అనువైనదని చెప్పడానికి నాకు సంకోచం లేదు. పొరల్లో ఇసుక గరుకుదనం ఉన్నదాన్ని కాక నున్నని సాదాదాన్ని అడగాలి. అసలు ప్రింటును మాత్రం ఎంతమాత్రం దీనికి ఇవ్వకూడదు, ఒకసారి అదిమాక వెనక్కి తీసే దారి లేదు.

కాన్వాసు సంగతి ఒక్క మాటలో తేల్చవచ్చు. ధరల పట్టిక మీది అక్షరానికీ కాన్వాసు నేతకూ పోటీ పెడితే నేతే గెలుస్తుంది. తీసుకోవద్దు.

ఫ్రేము, వెనుక పలక

ఇప్పుడు ఫ్రేము. సన్నని నల్ల అల్యూమినియం, ముదురురంగు టేకు, దుకాణాల్లో సింథటిక్ అని పిలిచే ప్లాస్టిక్ బీడింగు, ఈ మూడింటిలో ఏదైనా ముప్పావు అంగుళం వెడల్పులో సాదాగా ఉంటే చాలు. సింథటిక్‌కు చెదల భయం లేదు, అయితే పెద్ద కొలతల్లో మూలల దగ్గర విడిపోతుంది గనుక 20×16 దాటితే టేకుకో అల్యూమినియానికో మారడం నయం. పాత హోటల్ కుర్చీల రంగు ఛాయ ఉన్న టేకు ఈ చిత్రాలకు మరీ బాగా అమరుతుందని నాకనిపిస్తుంది. పూలు, లతలు చెక్కిన బంగారు ఫ్రేము పూజగదికి చెందినది. దానిని గల్లాపెట్టె పైన వ్యవస్థాపకుడి పటానికి వాడుకోండి. ఆ పటానికి రోజూ దండ పడుతుంది, బొట్టు పెడతారు, అగరుబత్తి పొగ తగులుతుంది కాబట్టి అందులో ఎప్పుడూ నకలే ఉండాలి.

వెనుక వైపు చాలాచోట్ల ఎండీఎఫ్ ముక్కనో, పాత అట్టపెట్టె ముక్కనో బిగిస్తారు. ఎండీఎఫ్ నుంచి వెలువడే ఆవిరులు వెండి ప్రింటుకు మంచివి కావు. ఫొటో వెనుక ఒక ఆమ్లరహితమైన అట్ట, ఆ వెనుక పలక, పైన అంచుల చుట్టూ కాగితపు టేపు ఉండాలి. కింది రెండు మూలల్లో రబ్బరు బొడిపెలు అంటిస్తే పటానికీ గోడకూ మధ్య గాలి ఆడుతుంది. వానాకాలంలో చెమ్మ ఎక్కే గోడలకు ఈ చిన్న బొడిపెలు చేసే మేలు పెద్ద ఫ్రేము కూడా చేయలేదు.

ఇంట్లో ఒక తీరు, నడుస్తున్న హోటల్లో ఒక తీరు

ఇంట్లో ఫొటో మధ్యభాగం నేల నుంచి 57 నుంచి 60 అంగుళాల ఎత్తున ఉండేలా తగిలించడం గ్యాలరీల్లో వాడుక. మన ఇళ్లలో పటాలను గుమ్మాల పైకి ఎక్కించే అలవాటు దేవుళ్లకూ పెద్దలకూ ఇచ్చే గౌరవం వల్ల ఏర్పడింది, చదవవలసిన ఫొటోకు అది తగదు. హోటల్లో చూసేవారు కూర్చొని ఉంటారు కాబట్టి మధ్యభాగాన్ని 48 అంగుళాల దాకా దించవచ్చు, అయితే కుర్చీ వెన్ను తగలకుండా చూసుకోవాలి. వంటగది తలుపు, చేతులు కడిగే చోటు, ఏసీ గాలి నేరుగా కొట్టే గోడ, ఈ మూడింటికీ దూరంగా ఉండాలి.

అమరికలో మూడు పద్ధతులున్నాయి. ఒకే హోటల్‌ను వేర్వేరు కాలాల్లో చూపే చిత్రాలను అడ్డంగా ఒకే వరుసలో పెట్టాలి, ఎడమ నుంచి కుడికి నడుస్తూ చూడటానికి వీలుంటుంది. వేర్వేరు హోటళ్ల ముఖద్వారాలను ఒకే కొలతలో వేయించి, రెండు మూడు అంగుళాల ఎడంతో మూడేసి చొప్పున గళ్లుగా పేరిస్తే పోలికలూ తేడాలూ వాటంతటవే బయటపడతాయి. చిన్నా పెద్దా కలగలిపి గోడంతా పరచడం ఇప్పటి కాఫీ షాపుల్లో బాగా కనిపించే పద్ధతి. దూరం నుంచి ముచ్చటగా ఉన్నా, అందులో ఏ ఒక్క ఫొటో ముందూ ఎవరూ ఆగరు. తమకు ఏ సంబంధమూ లేని పాత హోటళ్ల చిత్రాలను అలంకరణకు తెచ్చిపెట్టుకొనే కొత్త హోటళ్లకు అది చాలునేమో. తమ తాతల నాటి ఫొటోలున్నవారు మొదటి రెండింటిలో ఒకదానిని ఎంచుకోవాలి. కొలతలు కుదరని చిత్రాలున్నప్పుడు ఫ్రేములన్నీ ఒకే కొలతలో చేయించి, లోపల మౌంటు కిటికీలను మాత్రమే మార్చుకుంటే వరుస చెదరదు.

ఇంట్లో సొంత ఫొటోలు లేక, పాత హోటళ్ల చిత్రాల కోసం వెతికేవారికి అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ మంచి గని. 1935 నుంచి 1944 వరకు ప్రభుత్వం తీయించిన దాదాపు 1,75,000 నలుపు తెలుపు నెగటివ్‌లలో దారిపక్క హోటళ్లు, కెఫేలు, పట్టణపు భోజనశాలలు ఎన్నో ఉన్నాయి. వాటిని పెద్ద ఫైళ్లుగా ఉచితంగా దించుకోవచ్చు, ప్రింటుకు పనికివచ్చే నాణ్యత ఉంటుంది. మన హోటళ్ల పాత చిత్రాల విషయంలో మాత్రం హక్కులు చూసుకోవాలి. 2012 సవరణ తరువాత మన కాపీరైటు చట్టం ఫొటోలకు కూడా తీసినవారి జీవితకాలంతో పాటు ఆపైన 60 ఏళ్ల రక్షణ ఇస్తున్నది. ఇంటి గోడకు కాక వ్యాపార స్థలంలో పెట్టదలచినప్పుడు తీసినవారినో వారి కుటుంబాన్నో అడిగి, లిఖితపూర్వకంగా అనుమతి తీసుకోవడం మర్యాదా, క్షేమమూ.

పేరు చీటీ లేని హోటల్ ఫొటో సగమే ఫొటో. ఫ్రేము కింద చిన్న కార్డు మీద హోటల్ పేరు, వీధి, సంవత్సరం, తీసినవారి పేరు తెలుగులో రాయించండి. సంవత్సరం కచ్చితంగా తెలియనప్పుడు ‘1960 ప్రాంతం’ అనడమే నిజాయితీ. అవే వివరాలను, ఫొటోలో ఉన్నవారు ఎవరో, అసలు ప్రింటు ఎవరి దగ్గర ఉందో కూడా కలిపి, బాల్‌పెన్నుతో కాక పెన్సిలుతో ఒక కాగితం మీద రాసి, దుకాణదారు వెనుక టేపు అంటించేలోపే లోపలి అట్టకు, ఫొటోకు తగలని వైపున, చేర్చమనండి.